తల్లిపడవ

డీజిల్ రావడం ఆగిపోయిన నాలుగో ఏటికి సున్నపుదిబ్బ ఒడ్డున మరబోట్లన్నీ బోర్లా పడి తుప్పు పట్టాయి. మళ్ళీ తెరచాపలు కట్టక తప్పలేదు. కట్టడమైతే కట్టారు గానీ, గాలితో పడవ నడపడం తెలిసినవాళ్ళు ఊరి మొత్తానికి ఎవరున్నారయ్యా అంటే, డెబ్బై ఏడేళ్ళ మసేనయ్య ఒక్కడే. తక్కినవాళ్ళంతా ఇంజను తాడు లాగడం తప్ప మరో విద్య ఎరగనివాళ్ళు. వేటకు పోకపోతే పొయ్యి వెలగదు కాబట్టి, వచ్చినా రాకపోయినా పోయారు. ఆ ఒక్క ఏడాదిలోనే పద్దెనిమిది మంది మునిగిపోయారు.

మసేనయ్య కూతురు హైమావతి పడవల ఇంజనీరు. విశాఖలో ఒక పరిశోధనశాలలో ఉద్యోగం, రోజూ ఊరినుంచే వెళ్ళొస్తుంది. ఆ పద్దెనిమిది మందీ ఎలా పోయారో ఒడ్డున కూర్చుని, బతికొచ్చినవాళ్ళను అడిగి రాసుకుంది. గాలి ఎటునుంచి కొట్టింది, ఎవరు ఏ పక్క కూర్చున్నారు, చుక్కాని ఎవరి చేతిలో ఉంది, అన్నీ. తొమ్మిదో పేరు ఆవిడ భర్త సింహాద్రిది. ఆ పేరు కూడా మిగతావాటిలాగే రాసింది, అక్షరం చెదరకుండా. ఏడవడానికి తర్వాత చాలా కాలం దొరికింది.

తేలిందేమిటంటే, ఆ పడవల్లో చాలావాటిని ముంచింది గాలి కాదు. గాలి ఒక్కసారిగా కొట్టినప్పుడు చుక్కాని పట్టుకున్నవాడు హడలిపోయి కర్రను తన వైపు గుంజుకున్నాడు. వదిలేసి ఉంటే పడవ తనంతట తనే గాలికి ఎదురు తిరిగి నిలబడేది. గుంజేసరికి గాలికి పక్క చూపించి బోల్తా కొట్టింది. కొత్తవాళ్ళ ప్రాణాలు తీస్తున్నది వాళ్ళ భయమేనని హైమకు అర్థమైంది. అర్థమైందనే అనుకుంది.

ఆవిడ కట్టిన పడవ పన్నెండడుగులు. సొగసు మాట ఎత్తకూడదు, బాతులా వెడల్పు పొట్ట. ఒరిగినా మళ్ళీ లేచేలా అడుగున సీసం దిమ్మ బిగించింది. నిండా నీళ్ళెక్కినా మునగకుండా పక్క గోడల్లో నురగ నింపింది. తెరచాప చిన్నది. దాని అడుగు వాసాన్ని కూర్చున్న పిల్లల తలలకు తగలనంత ఎత్తులో పెట్టి, పైగా రబ్బరు తొడిగింది. తెరచాప కొయ్య కొసన గాలి బంతి కట్టింది కాబట్టి, పడవ పక్కకు పడినా తలకిందులు కాదు. వెనక గోడే లేదు, వచ్చిన నీళ్ళు వచ్చినట్టే పోతాయి. ఇంతవరకూ బుర్రున్న ఏ వడ్రంగైనా చేయగలడు.

అసలు పనంతా చుక్కాని కర్రలో ఉంది. అది హైమా, ఆవిడ తోటి శాస్త్రవేత్త రెహానా కలిసి చేసింది. రెహానా నరాల మీద పరిశోధన చేసిన మనిషి. భయం మనసుకు తెలిసేలోపే అరచేతికి తెలుస్తుందని ఆవిడ ఎన్నోసార్లు కొలిచి చూసింది. కర్రలో అల్లిన వెండి దారాలు పట్టుకున్న చేతి చెమటనూ నాడినీ కనిపెట్టి, ఆ క్షణంలోనే తెరచాపను సడలిస్తాయి. దానితోపాటు మణికట్టులోకి చీమ కుట్టినంత కూడా తెలియని కరెంటు పంపి, ఆ భయాన్ని పుట్టిన చోటే అణిచేస్తాయి. చెయ్యి వణకదు, కర్ర గుంజదు, పడవ మునగదు. అణిచిన ప్రతి భయమూ కర్రలో రికార్డై ఉంటుంది, పరిశోధన కోసం.

రెండేళ్ళలో పంతొమ్మిది మంది పిల్లలు ఆ పడవ మీద నేర్చుకున్నారు. ఒక్కరికీ గీత పడలేదు. ఆడవాళ్ళే దానికి తల్లిపడవ అని పేరు పెట్టారు. కొబ్బరికాయలు కొట్టి పసుపు రాశారు. హైమ కనబడితే చాలు, ముసలమ్మలు మెటికలు విరిచి దిష్టి తీసేవాళ్ళు.

ఒక్క మసేనయ్యకే అది రుచించలేదు. ఆ ఊళ్ళో పాత ఆనవాయితీ ఒకటి ఉండేది. పిల్లల చేతికి తెడ్డు ఇచ్చే ముందు పెద్దవాడొకడు తెప్ప మీద ఎక్కించుకుని, కెరటాలు దాటాక చెప్పాపెట్టకుండా తెప్పను తిరగేస్తాడు. నీళ్ళలోంచి లేచి ఏడ్చినవాడికి తెడ్డు ఇస్తారు. నవ్వినవాణ్ణి ఇంకో ఏడాది ఆగమంటారు. ఇంజన్లొచ్చాక అదంతా ఎవరికీ గుర్తు లేదు. మసేనయ్య మాత్రం పట్టుబట్టి, తల్లిపడవ నేర్చిన పిల్లల్లో మొదటిదైన హైమ కూతురు, తన మనవరాలు తారకను తీసుకెళ్ళి తెప్ప తిరగేశాడు. ఒడ్డుకొచ్చాక తడిబట్టలు పిండుకుంటూ తల అడ్డంగా ఊపాడు.

“నవ్వీసిందమ్మీ. ఈ గుంటకి తెడ్డు ఇవ్వకు.”

“ధైర్యం ఉంది కాబట్టి నవ్వింది అయ్యా. తప్పేముంది అందులో?”

“నానూ డెబ్బయ్యేళ్ళు సంద్రం మీద తిరిగినోణ్ణే. నీళ్ళు మింగినాక బెదురన్నది లేకుండా ఇలగ నవ్విన గుంటని ఇంతవరకూ సూడలేదు. నా మాటిను.”

హైమ వినలేదు. చదువుకున్నవాళ్ళు ముసలివాళ్ళ మాటలు ఎలా వింటారో అలా విని, తువ్వాలు ఇచ్చి, కాఫీ పెట్టి పంపింది. ఆ వారమే తారకకు ధ్రువపత్రం ఇచ్చారు. ఫొటో తీసి పరిశోధనశాల గోడకు తగిలించారు.

మూడో ఏడు వానల ముందు పక్కింటి నూకరత్నం కొడుకు దుర్గేష్ పోయాడు. పద్నాలుగేళ్ళవాడు. తల్లిపడవ మీద బాగా చేయి తిరిగినవాడే. ఆ రోజు మేనమామతో మామూలు పడవలో వెళ్ళాడు. మేనమామ ఈదుకుంటూ ఒడ్డుకొచ్చి ఇసకలో కూలబడి, అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ ఒకటే చెప్పాడు.

“గాలి నల్లగా వొచ్చేతంది. సాప దించరా అని అరిసినాను. నా ఒంక సూసి నవ్వినాడు. కర్ర ఒగ్గలేదు, గుంజలేదు. ఊరికినే కూకున్నాడు, అదే సద్దుకుంటాదన్నట్టు.”

నూకరత్నం ఏడవలేదు. రెండు రోజులు గుమ్మంలో కూర్చుని, మూడో రోజు లేచి మిగిలిన కూతురికి, అన్నతోపాటే తల్లిపడవ మీద నేర్చిన గౌరికి, జడ వేసింది. హైమ వెళ్ళి పక్కన కూర్చుంది. ఆ మామూలు పడవకు తమ కర్ర బిగించి ఉంటే పిల్లాడు దక్కేవాడు కదా అని తనకు తాను సర్దిచెప్పుకుంది. ఊళ్ళో ప్రతి పడవకూ బిగించాలని అక్కడే కూర్చుని లెక్కలు కూడా వేసుకుంది. మనిషి తన తప్పు వైపు చూడకుండా ఉండటానికి ఎంత తెలివైనా ఖర్చు పెడతాడు.

వారం తిరక్కుండా ఆ తెలివంతా ఒక్క నిమిషంలో ఆవిరైపోయింది. తారక స్నేహితురాళ్ళతో ఇంటి ఎదురుగా బీచ్ రోడ్డు పక్కన బంతాట ఆడుతోంది. బంతి రోడ్డు మధ్యలో పడింది. తారక వెళ్ళి వంగి తీసుకుంది. లేచేసరికి భీమిలి వైపు నుంచి కరెంటు బస్సు వస్తోంది. హారన్ కొడుతూనే ఉంది. అరుగు మీద కూరలు తరుగుతున్న హైమ చూస్తూనే ఉంది. తారక బస్సు వైపు తిరిగి, బంతి చేత్తో పట్టుకుని, ఎవరో చుట్టాలు వస్తున్నట్టు నిలబడింది. బస్సు రోడ్డు దిగి ఇసకలోకి దూసుకుపోయి ఆగింది. పిల్లకు జానెడు దూరం.

హైమ వెళ్ళి పిల్ల భుజాలు పట్టుకుని ఊపేసింది.

“పక్కకి తప్పుకోవాలని తెలీదా? కనబడలేదా నీకు బస్సు?”

“కనబడిందమ్మా. ఆపుతాడు కదా అని ఉన్నాను.”

ఆ గొంతులో పెంకితనం లేదు, మొండితనం లేదు. హైమ కూతురి అరచేయి తెరిచి చూసింది. పొడిగా, చల్లగా ఉంది. తన చెయ్యే చెమటతో జారిపోతోంది. తెప్ప తిరగేసిన రోజు తండ్రి అన్న మాట అప్పుడు అర్థమైంది. అక్కడే రోడ్డు మీద నిలబడి రెహానాకు ఫోన్ చేసింది.

మర్నాడు పరిశోధనశాలలో రెహానా తారక అరచేతికి తీగలు చుట్టి కుర్చీలో కూర్చోబెట్టింది. ముచ్చట్లు చెబుతూ చెబుతూ పిల్ల వెనక కాగితం సంచి ఊది ఢామ్మని పగలగొట్టింది. పక్క గదిలో గుమస్తా ఉలిక్కిపడి టీ ఒలకబోసుకున్నాడు. తారక కనురెప్ప కూడా ఆడలేదు. తెర మీద గీత కదలకుండా అలాగే సాగిపోయింది.

పిల్లను బయట ఆడుకోమని పంపి రెహానా తలుపు వేసింది.

“మనం అణుస్తున్నాం అనుకున్నాం హైమా. అణచలేదు. భయపడాల్సిన అవసరమే లేదని ఒంటికి నేర్పాం. ప్రతిసారీ పడవే సర్దుకుంటే ఒళ్ళు ఎందుకు కష్టపడుతుంది? మానేసింది.”

“మళ్ళీ వస్తుందా?”

“దానంతటది రాదు. దుర్గేష్ రికార్డు కూడా తీశాను. చివరి నెలల్లో కర్రకు అణిచే పనే లేదు. వాడికి భయం పుట్టడమే ఆగిపోయింది.”

“మిగతా పిల్లలు?”

“అందరూ అంతే.”

ఆ మాటకు హైమ లేచి వెళ్ళి గోడ మీది ఫొటో తీసి బోర్లా పెట్టింది. పద్దెనిమిది మందిని సముద్రం తీసుకుపోయిందని పడవ కట్టింది. ఇప్పుడు పద్దెనిమిది మంది పిల్లలు, ఏ గోడ మీంచో ఏ బస్సు కిందో పోవడానికి, ఏమీ ఎరగనట్టు ఆడుకుంటున్నారు. వాళ్ళలో ఒకతె తన కూతురు.

దారి ఒక్కటే ఉందని రెహానా చెప్పింది. అణిచిన భయాలన్నీ కర్రలో భద్రంగా ఉన్నాయి. ఎవరివి వాళ్ళకే ఆ తీగల్లోంచే వెనక్కి పంపొచ్చు. తారకవి పదకొండు వందల నలభై. ఒక్కసారిగా పంపితే గుండె ఆగుతుంది. రోజుకు పది చొప్పున, దాదాపు నాలుగు నెలలు. మధ్యలో ఆపితే పూర్తిగా రాదు.

ఊరందర్నీ కూర్చోబెట్టి సంగతి చెబితే ఎవరూ ఒప్పుకోలేదు. “పులుల్లాంటి పిల్లల్ని పిల్లుల్ని సేసీడానికి మల్లీ ఒచ్చినారా” అని ఒకాయన మొహం మీదే అడిగాడు. నూకరత్నం వెనక వరసలో గౌరిని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, హైమ వైపు చూసి లేచి వెళ్ళిపోయింది. దాంతో ముందు తారకకే మొదలుపెట్టారు.

“ఎదురుగా ఎవరో ఒకరు కూర్చుని మొహం కనిపెట్టుకుని ఉండాలి, పిల్ల లేవకుండా, గుండె తడబడితే ఆపడానికి,” అంది రెహానా. “నర్సును పెడతాను.”

“నర్సెందుకు? నేను లేనా?”

“నీకు కష్టం హైమా.”

“సూది వేసేటప్పుడు పిల్లలు ఎవరి మొహం చూస్తారు? తల్లి మొహం చూస్తేనే ఓర్చుకుంటారు. మా ఊళ్ళో పురుడు పోసుకున్న దగ్గర్నుంచీ అదే అలవాటు. ఇంకెవర్నో కూర్చోబెట్టి నేను గుమ్మం బయట నిలబడనా?”

రెహానా ఇంక వాదించలేదు. ఎవరు మాత్రం వాదిస్తారు?

మొదటి పదకొండు రోజులు ఏమీ జరగలేదు. పన్నెండో రోజు తారక పెదవి వణికింది. హైమకు ఆనందంతో గుండె ఆగినంత పనైంది. ఇరవయ్యో రోజుకు పిల్ల కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుంటోంది, కళ్ళు పెద్దవి చేసి తల్లినే చూస్తోంది. “నేనున్నాను కదా, నేనున్నాను కదా,” అంటూ హైమ ఆ కళ్ళలోకి చూసి నవ్వుతూనే ఉంది. గంట అయ్యాక ఇద్దరూ చెరకురసం తాగి బస్సెక్కి ఇంటికి పోయేవాళ్ళు. నెల దాటాక ఒక సాయంత్రం వంటింట్లో బల్లిని చూసి తారక కెవ్వున కేకేసింది. హైమ పరుగెత్తి తండ్రి దగ్గరకు పోయి చెప్పింది. మసేనయ్య బీడీ ఆర్పేసి కళ్ళు తుడుచుకున్నాడు.

“బల్లికి భయపడిందా? మా తల్లే. ఇంక ఈ గుంటకి పరవాలేదమ్మీ.”

మర్నాటి నుంచి తారక జడ వేయించుకోవడానికి తాత దగ్గరకు వెళ్ళడం మొదలుపెట్టింది. ముసలాయనకు జడ ఎక్కడ వచ్చు, అయినా ఏదో అల్లేవాడు. తర్వాత అన్నం తినేటప్పుడు గోడకు వీపు ఆనించుకుని కూర్చోవడం. తర్వాత హైమ చెయ్యి తగిలితే ప్లేటు వదిలేయడం. రోజూ కుర్చీలో కూర్చోబెడుతోందని అలిగింది కాబోలు, పోనీలే అనుకుంది హైమ. అలకైతే తీరుతుంది.

డెబ్బై ఒకటో రోజు పొద్దున్న మల్లెపూలు కొని ఇంట్లోకి వచ్చి, “తారకా” అని పిలిచింది. జవాబు లేదు. మంచం కింద చూస్తే పిల్ల గోడ మూలకు ముడుచుకుని ఉంది. నోరు రెండు చేతులతో మూసుకుంది, ఊపిరి చప్పుడు బయటికి రాకుండా. కిందంతా తడిసిపోయి ఉంది. హైమ చెయ్యి చాచింది. తారక ఇంకా వెనక్కి, గోడలోకి దూరిపోవాలన్నట్టు జరిగింది.

“రాను. నువ్వెళ్ళు. తాతను పిలు. నువ్వెళ్ళిపో.”

పూలు అక్కడే పెట్టి హైమ బయటికి వచ్చేసింది.

రెహానా రికార్డులన్నీ మళ్ళీ చూసి తల పట్టుకుంది.

“ఇందులో కెరటం లేదు, గాలి లేదు. కర్ర దాచింది ఉత్త భయాన్నే. భయం వచ్చాక ఒళ్ళు కారణం వెతుక్కుంటుంది. ఎదురుగా ఏముంటే దానికి అంటగడుతుంది. రోజూ ఎదురుగా ఉన్నది నువ్వే.”

“ఆపేస్తే?”

“నీకు భయపడటం పోదు. బస్సుకు భయపడటం పూర్తిగా రాదు.”

“ఇప్పుడు నా బదులు ఇంకొకర్ని కూర్చోబెడితే?”

“రెండు మొహాలకు భయపడుతుంది.”

హైమ కిటికీ దగ్గరకు వెళ్ళి నిలబడింది. పరీక్షల కోసం తెచ్చిన తల్లిపడవ కింద ఆవరణలో ఉంది, పసుపు ఇంకా పోలేదు. ఈ ముక్క మొదటిరోజే తట్టి ఉంటే? నర్సును కూర్చోనిచ్చి ఉంటే? కిటికీ మూసి వచ్చి కుర్చీ లాక్కుంది. తండ్రికి ఫోన్ చేసి పిల్లను తీసుకురమ్మంది. మిగిలిన నలభై నాలుగు రోజులూ ఆవిడే కూర్చుంది. “నేనున్నాను” అనడం మాత్రం మానేసింది. తారక అరుస్తుంటే నోరు కట్టేసుకుని చూస్తూ కూర్చుంది, ఒక్కరోజు కూడా మొహం తిప్పుకోలేదు.

అంతా అయ్యేసరికి తారక రోడ్డు దాటే ముందు రెండు వైపులా చూస్తోంది. కెరటం పెద్దదైతే వెనక్కి వస్తోంది. పొయ్యి దగ్గర జాగ్రత్తగా ఉంటోంది. తాత ఇంట్లో ఉంటూ బడికి పోతోంది. తల్లి వీధి మలుపు తిరిగిందంటే మాత్రం, ఏ పనిలో ఉన్నా వదిలేసి లోపలికి పరుగెత్తి గడియ పెట్టుకుంటోంది. కొన్నాళ్ళకు హైమ ఆ వీధికి పోవడం మానుకుంది.

ఆ నెలలోనే ఇంకో పిల్లాడు వాటర్ ట్యాంకు పైనుంచి, కింద ఎవరో పిలిస్తే, మెట్లున్న సంగతి మరిచి అడుగు వేశాడు. బతికాడు గానీ రెండు కాళ్ళూ పోయాయి. అప్పుడు కదిలింది ఊరు. అందరికంటే ముందు పరిశోధనశాల గుమ్మంలోకి వచ్చింది నూకరత్నం, గౌరి చెయ్యి పట్టుకుని.

“అప్పా, ఇదొక్కతే మిగిలినాది నాకు. నీ పిల్లకి సేసినట్టే దీనికీ సేసీ. నాను ఎదురుగా కూకుంటాను.”

“నువ్వు కూర్చోవద్దు.”

“తల్లిని కాదా? నాను కూకోకపోతే దీనికి ధైర్యం ఎవులు సెప్తారు?”

“అందుకే వద్దంటున్నాను నూకీ. ఈ నాలుగు నెలలూ నీ మొహం ఈ గదిలో దాని కంట పడకూడదు. గేటు దాటి, ఆ సోడాబండి దగ్గర కూర్చో. లోపల ఎంత అరిచినా రాకు. అది బయటికొచ్చాక ఎత్తుకో. దానికి నువ్వు మిగలాలి.”

నూకరత్నం ఖాళీగా ఉన్న కుర్చీ వైపు చూసింది.

“మరి ఎవులు కూకుంటారు?”

“నర్సును అడిగితే ఉద్యోగమే మానేసి పోయింది. పిల్లలు రేపు వీధిలో తనను చూసి పారిపోతుంటే తట్టుకోలేనంది. ఆమెను ఏమనగలం?” అంటూనే హైమ కుర్చీ లాగి గౌరి ఎదురుగా వేసుకుంది.

పదిహేడు మంది పిల్లలకు ఏడాది పైగా పట్టింది. పదిహేడు మందికీ ఆవిడే కూర్చుంది. ఒక్కొక్కళ్ళూ మామూలైపోయారు. చీకటికి భయపడ్డారు, కుక్కలకు భయపడ్డారు, అమ్మ కొంగు పట్టుకుని ఏడ్చారు. తల్లులు వాళ్ళను ఎత్తుకుని మురిసిపోయారు. హైమ ఊళ్ళోకి వస్తే పిల్లలు చెల్లాచెదురయ్యేవాళ్ళు. బడి అదిరిపోయేది. పెద్దవాళ్ళకు తెలుసు ఆవిడ ఏం చేసిందో. చేతులెత్తి దణ్ణం పెట్టి, మొహమాటంగా, “ఇప్పుడు కాదమ్మా, పిల్లలు పడుకున్నాక రండి,” అనేవాళ్ళు. అన్నం తినకుండా మారాం చేసే పిల్లలకు ఆవిడ పేరు చెప్పడం కూడా మొదలైందని ఎవరో అన్నారు. హైమకు వాళ్ళను తప్పు పట్టాలనిపించలేదు.

ఆఖరి పిల్లాడి పని అయిన మర్నాడు, రెండు పెట్టెలు సర్దుకుని, ఇంటికి తాళం వేసి హైమ బస్సెక్కింది. ఒంగోలు దగ్గర ఏదో కాలేజీలో ఉద్యోగం చూసుకుంది. సముద్రం కనబడని చోటు. చేరిన సాయంత్రం తండ్రి ఫోన్ చేశాడు.

“తిన్నావా అమ్మీ?”

“తిన్నాను అయ్యా. పిల్ల ఎలా ఉంది?”

“బాగున్నాది. బడినుంచి రాగానే నన్నడిగినాది, అమ్మ ఎల్లిపోనాదా అని.”

హైమ ఫోన్ చెవికి గట్టిగా నొక్కుకుంది.

“ఏం చెప్పావు?”

“ఎల్లిపోనాది, మరి రాదు అన్నాను. నిజమేనా తాతా అని మూడుసార్లు అడిగినాది. ఒట్టెయ్యమన్నాది. ఏసినాను.” ముసలాయన చెప్పాలా వద్దా అని ఆలోచిస్తున్నట్టు దగ్గాడు. “అప్పుడు లేసి ఎల్లి, తలుపు గడియ తీసినాది అమ్మీ. ఈదిలోకి ఎల్లి ఆడుకుంతన్నాది.”